వెనక్కి తిరిగిన ముఖాలు

ఆదివారం

ఈ దర్శకులకి నటుల ముఖాలంటే అంత కోపమెందుకో నాకు అర్థం కాదు. నిన్న చూసిన నేరపరిశోధన సినిమాలో హంతకుడెవరో బయటపడే సీను వచ్చింది. అంతసేపూ దాని కోసమే ఓపిక పట్టి కూర్చున్నాం. తీరా ఆ ఇన్‌స్పెక్టరు కిటికీ వైపు తిరిగి, మనకి వీపు పెట్టి, ఏదో గొణిగాడు. హాలంతా "అమ్మో!" అంది. నేను గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను. సినిమా అయిపోయి బయటికొచ్చాక, పోస్టరు ముందు వాదించుకుంటున్న ఇద్దరి మాటల్ని బట్టి హంతకుడెవరో తెలిసింది. ముఖం చూపించకుండా ముఖ్యమైన మాట చెప్పించేవాణ్ణి దర్శకుడనకూడదు.

రేడియోలో ఇంత ఘాటుగా అనలేను. శనివారం శనివారం "సినిమా కబుర్లు"లో నేను మాట్లాడేదే కాసేపు, మళ్ళీ అందులో శ్రోతల ఫోన్లు. ప్రొడ్యూసరమ్మ గాజు అవతల నుంచి "తగ్గించండి" అన్నట్టు చెయ్యి ఊపుతూనే ఉంటుంది. అందుకే మిగిలిందంతా ఇక్కడ రాసుకుంటున్నాను. ఇక్కడ నాతో ఎవరూ వాదించరు.

అమ్మాయి గురువారం నుంచి నాతో మాట్లాడటం లేదు. శుక్రవారం కాలేజీ ప్రవేశ పరీక్ష రాసొచ్చింది. ఎలా రాశావమ్మా అంటే భుజాలెగరేసి గదిలోకి పోయి తలుపేసుకుంది. నేనేమన్నానని? గురువారం అసలు దాంతో ఒక్క మాటైనా మాట్లాడితే కదా, తప్పుగా మాట్లాడటానికి! పదిహేడేళ్ళ వయసు అలాంటిదే. అదే సర్దుకుంటుంది.

సోమవారం

మాట్లాడలేదు. కంచం పట్టుకెళ్ళి గదిలోనే తింది.

మంగళవారం

ప్రెస్సులో సెలవు పెట్టి మధ్యాహ్నం ఆటకి దెయ్యం సినిమాకి వెళ్ళాను. హాలంతా కెవ్వుకెవ్వుమంటుంటే నేను కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. పాత ఇల్లు, ఖాళీ మెట్లు, ఒకమ్మాయి దీపం పట్టుకుని పైకెక్కుతోంది. ఇందులో భయపడాల్సిందేముంది? పక్క సీటావిడ తెర మీద ఏమీ కనిపించకముందే రెండు చెవులూ మూసేసుకుంది. దెయ్యం సినిమాకొచ్చి కళ్ళు మూసుకుంటారుగానీ చెవులు మూసుకుంటారా ఎవరైనా! భయపెట్టడం ఈ కాలం వాళ్ళకి చేతకాదనుకోవాలి. లేదంటే చూసీ చూసీ నా గుండే బండబారింది. రెండోదే నిజమేమో. కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఆ గర్వం ఇంటిదాకా నిలవలేదు. రోడ్డు దాటుతుంటే వెనక నుంచి ఒక సైకిలు నా మోచేతిని రాసుకుంటూ పోయింది. సైకిలాయన ఆగి, వెనక్కి తిరిగి, బెల్లు మీద చెయ్యి వేసి చూపిస్తూ నోటికొచ్చినట్టు తిట్టాడు. బెల్లు కొట్టాడట. కొడితే వినపడదా నాకు? అబద్ధాలకోరు. 

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పాల్సినంత విషయమేం కాదు.

గురువారం

హాస్యం. ఇప్పటి హాస్యంలో మాటలు మింగేస్తున్నారు. ఇదివరకు ఒక మాట అని, ఆగి, మనం నవ్వాక రెండో మాట అనేవాళ్ళు. ఇప్పుడు పళ్ళ మధ్య నుంచి ఏదో అనేసి పోతారు, జనం పగలబడి నవ్వుతారు. నిన్న మా ప్రెస్సు ఫోర్‌మన్‌తో కలిసి వెళ్ళాను. జనం నవ్వితే నేనూ నవ్వాను. ఒకచోట హాలంతా సద్దుమణిగాక నా నవ్వొక్కటే మిగిలింది. ఫోర్‌మన్ నన్ను మోచేత్తో పొడిచి, "ఏంటి గురూ, బాగా ఆలోచించుకుని నవ్వుతున్నావా?" అన్నాడు. నవ్వేశాను. లోపల మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఇవాళ పనిలో ఆ మాట మర్చిపోయాను. ప్రెస్సులో నా అంత హాయిగా ఎవరూ ఉండరు. మిషన్ తిరుగుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు, అందుకని మాకు అన్నిటికీ సైగలున్నాయి. రెండు వేళ్ళు చూపిస్తే సిరా తగ్గించాలి. అరచెయ్యి వాలిస్తే కాగితం వంకరగా వస్తోందని. గడ్డం గీరుకుంటే యజమాని వస్తున్నాడని. ఇక పెదాలు కదిలే తీరుని బట్టి పూర్తి వాక్యాలే అందుకుంటాం. కొత్తవాళ్ళకి అలవాటు పడటానికి చాలా కాలం పడుతుంది. నాకు పాతికేళ్ళ అలవాటు, హాలు అవతలి గోడ దగ్గర తిట్టుకున్నా తెలిసిపోతుంది.

అలాంటివాడికి చెవులకేమొస్తుంది? ఈ మాట ఎందుకు రాశానో తెలియదు. ఎవరూ ఏమీ అనలేదు.

శుక్రవారం

డబ్బింగ్ సినిమాని నిషేధించాలి. పెదాలు ఒకటంటాయి, మాట ఇంకోటంటుంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం హాయిగా చూస్తున్నారు, జనానికి అభిరుచి చచ్చిపోయింది. కింద అక్షరాలు వేసే పరభాషా సినిమా ఉందే, అదీ సినిమా అంటే. ఈమధ్య అవే చూస్తున్నాను. మనసుకి ఎంత నిమ్మళంగా ఉంటుందో చెప్పలేను.

యుద్ధం సినిమాలంటే కూడా కొత్తగా గౌరవం పెరిగింది. బాంబులు పడుతుంటే పక్కటెముకలు అదురుతాయి. నిజాయితీ ఉన్న శబ్దం. ప్రేమకథలంటారా, దండం. ప్రేమించుకునేవాళ్ళు గుసగుసలే ఎందుకాడాలి? ఎదురెదురుగా కూర్చుని, దీపం వెలుగులో, నోరు తెరిచి చెప్పుకోకూడదా?

సాయంత్రం టీవీలో అలాంటి ప్రేమకథే చూస్తుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది.

"కొంచెం తగ్గిస్తారా? పక్కింటివాళ్ళు మన టీవీతోనే కథంతా తెలుసుకుంటున్నారు."

"ఈ సినిమాకి సౌండు మిక్సింగ్ బాగా చెయ్యలేదు."

"నిన్నటి సినిమాకీ చెయ్యలేదు, వార్తలకీ చెయ్యలేదు. ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే మీ సొమ్మేం పోయింది?"

అరికాలి మంట నెత్తికెక్కింది. గట్టిగా అరిచాను. ఎంత గట్టిగా అంటే అమ్మాయి గది తలుపు తెరిచి చూసి, మళ్ళీ మూసేసుకుంది. ఆ చూపు నాకు నచ్చలేదు. నా మీద కోపం కాదు అది. నా గురించి ఏదో తేల్చేసుకున్నట్టుంది.

శనివారం

ఇవాళ కార్యక్రమం బ్రహ్మాండంగా వచ్చింది. ఇన్నేళ్ళలో ఇంత బాగా మాట్లాడిన రోజు లేదు.

కుటుంబ కథ. భర్త పోరు పడలేక ఒకావిడ ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. తెల్లవారుతుంటే సంచీ భుజాన వేసుకుని, కొడుకు పడుకున్న గది ముందు ఆగుతుంది. తలుపు మూసి ఉంటుంది. కెమెరా ఆవిడ వెనకే ఉంటుంది, మనకి వీపే కనిపిస్తుంది. గడియ మీద చెయ్యి వేస్తుంది. అలా ఎంతసేపో. చివరికి చెయ్యి తీసేసి వెళ్ళిపోతుంది. శబ్దం లేదు. సంగీతం లేదు. వీపు చూపించినందుకు ఒక దర్శకుణ్ణి నేను క్షమించడం ఇదే మొదటిసారి.

రేడియోలో అదే చెప్పాను. "నిద్రపోతున్న బిడ్డని లేపడం ఇష్టంలేక వెళ్ళిపోయిన తల్లి. అంత పెద్ద సీనులో చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా పెట్టకపోవడానికి ఎంత ధైర్యం కావాలి! ఆ నిశ్శబ్దమే ఈ సినిమా," అన్నాను.  అవతల ప్రొడ్యూసరమ్మ తలెత్తి అదోలా చూసింది. మెచ్చుకుంటోందనుకున్నాను.

ఫోన్లు చాలా వచ్చాయట. టైమైపోయిందని లైనులోకి ఒక్కటీ కలపలేదు.

ఆదివారం

ప్రొడ్యూసరమ్మ పొద్దున్నే ఇంటికొచ్చింది. ఫోన్లో చెప్పే మాట కాదని వచ్చిందట. టీ కూడా ముట్టుకోలేదు.

"సార్, మీరు ఆ సినిమా పూర్తిగా చూశారా?"

"ఏం మాటలవి? చివరి పేర్లు పడేదాకా కూర్చున్నాను."

"అయితే ఆ తలుపు సీనులో చప్పుడు లేదంటారేంటి సార్? ఆ పిల్లాడు లోపల్నుంచి పిలుస్తూనే ఉంటాడు కదా. ఆ సీనంతా వాడి గొంతే. నిన్న ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ ఇదే అడిగారు. సినిమా చూడకుండానే చెప్తున్నారా అని కూడా అన్నారు."

 థియేటర్లో స్పీకర్లు పాడైనట్టున్నాయన్నాను. ఆవిడ లేచి, "సరే సార్, కనుక్కోండి. శనివారంలోగా ఏదో ఒకటి చెప్పాలి," అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఇంకేదో అంది. వెనక్కి తిరిగి ఉంది. నేను తలూపాను.

ఏమందో?

సోమవారం

పని అవగానే థియేటర్‌కి వెళ్ళాను. మేనేజరుతో పోట్లాడాను. ఆయన మర్యాదస్తుడు, రేడియోలో నా మాటలు వింటాడు. ఆపరేటర్‌ని పిలిపించాడు. "స్పీకర్లన్నీ కొత్తవి సార్. ఆ పిల్లాడి సీనుకి జనం ఏడవని ఆట లేదు," అన్నాడు ఆపరేటర్.

మిగతా ఆటల్లో ఏడ్చి ఉంటారు. నేను వెళ్ళిన ఆటకి స్పీకరు పోయే ఉంటుంది. వీళ్ళకి చెప్పినా తెలియదు.

మంగళవారం

స్పీకరే.

బుధవారం

మా ఆవిడని తీసుకుని ఆ సినిమాకే మళ్ళీ వెళ్ళాను. "ఇదేంటి, సూర్యుడు ఎటు పొడిచాడు?" అంది. బాగుందటగా, అన్నాను. నేను చూశానని చెప్పలేదు. తను రేడియో వినదు. ఇంట్లో వినేది చాలదా అంటుంది.

తలుపు సీను వచ్చింది. నేను తెర చూడలేదు. మా ఆవిడని చూశాను. తెర వెలుగులో తన ముఖం బాగా కనిపిస్తోంది. మొదట కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత చెయ్యి నోటి మీదకి వెళ్ళింది. తర్వాత కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. నా చెవుల్లో ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతున్నట్టు ఒక హోరు, అంతే. అది ఎప్పుడూ ఉండేదే. 

బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాం. ఎటూ తోచక అడిగేశాను. "ఆ పిల్లాడు ఏమన్నాడు?"

మా ఆవిడ ఆశ్చర్యపోలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది. నా వైపు పూర్తిగా తిరిగి, నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఈమధ్య నాతో అలాగే మాట్లాడుతోందని అప్పుడు తట్టింది.

"మొదట కూనిరాగం తీస్తుంటాడు. తర్వాత అడుగుల చప్పుడు విని, 'అమ్మా, నువ్వేనా?' అంటాడు. 'తలుపు తియ్యవా? నాకు భయమేస్తోంది,' అంటాడు. ఆవిడ అన్నీ వింటుంది. విని కూడా వెళ్ళిపోతుంది."

అయితే అది నేను చూసిన సినిమా కాదు. నా సినిమాలో బిడ్డ నిద్రపోతున్నాడు. తల్లి మంచిది.

"మీకొక విషయం చెప్పాలి," అంది. "మీరు అరుస్తారని నిన్నట్నుంచి నోరు కట్టుకుని ఉన్నాను. అమ్మాయి పరీక్ష రాయలేదండీ. సెంటర్‌ దాకా వెళ్ళి, బయటే కూర్చుని వచ్చేసింది. నిన్న నాకు చెప్పింది."

"ఎందుకు రాయలేదు? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పిందట. ముందురోజు, గురువారం, నేను ఇంట్లో లేను. గదిలో పడుకుని ఉందట. మీరు గుమ్మం దాకా వచ్చి, అక్కడి బల్ల మీద పేపరు తీసుకుంటున్నారట. 'నాన్నా, రేపు నేను వెళ్ళలేను, చేతులు వణుకుతున్నాయి, ఒక్కసారి లోపలికి రా,' అని ఏడుస్తూ పిలిచిందట. మీరు పేపరు తీసుకుని టీవీ ముందుకి వెళ్ళిపోయారట. మళ్ళీ పిలిస్తే టీవీ సౌండు పెంచారట."

ఆ గురువారం నాకు గుర్తుంది. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాను.

గురువారం

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికొక మీట ఇచ్చారు. శబ్దం వినపడితే నొక్కాలి. గాజు అవతల పరీక్ష చేసే ఆవిడ కూర్చుంది. మొదట్లో బొంగురు శబ్దాలు బాగానే వినపడ్డాయి. నొక్కాను. తర్వాత ఆవిడ చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కుతూ పోయాను. అన్నీ పట్టేస్తున్నానని ధైర్యం కూడా వచ్చింది.

ఆవిడ తలుపు తీసుకుని లోపలికొచ్చింది. "సార్, మీరు నా చెయ్యి చూసి నొక్కుతున్నారు," అంది.

"లేదమ్మా, వినపడే నొక్కాను." మోసం చెయ్యాలని కాదు. నాకే తెలియలేదు. ప్రెస్సులో పనివాణ్ణి, చెయ్యి కదిలితే అది నాకు మాట.

ఆవిడ నవ్వి, నా కుర్చీని గోడ వైపు తిప్పింది. ముందు తెల్లగోడ. నేను కూర్చున్నాను. కూర్చునే ఉన్నాను.  ఏదీ రావడం లేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. చివరికి ఆవిడ వచ్చి భుజం తట్టి, "అయిపోయింది సార్," అంది.

డాక్టరు కాగితం మీద గీత చూపించాడు. ఎడమ నుంచి బాగానే నడిచి, మెట్ల మీంచి పడ్డట్టు కిందికి పోయింది. బాంబులు, మోటార్లు, మగ గొంతులు ఇటు. బెల్లు, పిట్టలు, పసిపిల్లలు, ఆడపిల్లల ఏడుపు అటు. మిషన్ దగ్గర ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారు, చెవులకేం పెట్టుకునేవారు అని అడిగాడు. గుర్తొచ్చినప్పుడు దూది, అన్నాను. చెవికి మిషన్లు పెడితే చాలావరకు తెలుస్తుందట. పోయింది మాత్రం తిరిగి రాదట.

మా ఆవిడ దారి పొడుగునా నా కుడిపక్కన నడిచింది, రోడ్డు వైపు.

శుక్రవారం

అమ్మాయి గది ముందు నిలబడ్డాను. తలుపు మూసి ఉంది. లోపల్నుంచి ఏమైనా అంటోందో లేదో తెలియదు. తట్టడానికి చెయ్యెత్తి, దించేసి వచ్చేశాను. రేపు పొద్దున్న రేడియో పని అయ్యాక.

శనివారం

ప్రొడ్యూసరమ్మకి ముందే అంతా చెప్పాను. "మీ మాటల్లోనే చెప్పండి సార్, నేను మధ్యలో రాను," అంది. మైకు ముందు ఎక్కువ మాట్లాడలేదు. పోయిన వారం నేను పొగిడిన నిశ్శబ్దం ఆ సినిమాలో లేదన్నాను. అది నా చెవుల్లో ఉందన్నాను. బిడ్డ పిలిచాడట, తల్లి విని వెళ్ళిపోయిందట. ఆ సినిమా గురించి మాట్లాడే అర్హత నాకు లేదు, మీరే చెప్పండి, అని ఫోన్లు కలపమన్నాను.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అమ్మాయి గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద కూర్చుని ఉంది. లోపలికి వెళ్ళి, కిటికీ వెలుగు దాని ముఖం మీద పడేలా ఎదురుగా కుర్చీ వేసుకున్నాను.

"ఊరందరికీ చెప్పావు," అంది. "నాకు చెప్పలేదు."

"నాకే తెలియదమ్మా. నువ్వు పిలవడం విని వెళ్ళిపోలేదు."

"అమ్మ కూడా అదే చెప్పింది. నేను నమ్మను. ఇప్పుడు నేనన్నది వినపడింది కదా? సినిమాలో ఎవరెవరు ఏమన్నారో అన్నీ చెప్తావు కదా? నా దగ్గరికొచ్చేసరికే వినపడదా?"

 నీ పెదాలు చదువుతున్నానంటే అదీ సాకులాగే ఉంటుంది. 

అది లేచి నిలబడింది. గోడ వైపు తిరిగింది. జడ, వీపు, రెండు భుజాలు. అంతే కనిపిస్తున్నాయి. భుజాలు ఒకసారి పైకి లేచాయి. ఏదో అంటోందని తెలిసింది. కాస్త పెద్ద మాటే. మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ అంది. మెడ పక్కన నరం కదులుతోంది.

 ఏదో ఒకటి అనేద్దామనిపించింది. అది ఏమనుంటుందో ఊహించుకోలేనా? "నా మీద కోపమా" అనుంటుంది, "ఎందుకు రాలేదు" అనుంటుంది. ఇన్నాళ్ళూ అందరి దగ్గరా చేసింది అదే కదా, తలూపడం, నవ్వెయ్యడం, అవునవుననడం. ఒక్క ఊహ సరిగ్గా తగిలితే చాలు, నేను మళ్ళీ మంచి చెవులున్న తండ్రినైపోతాను.

"వినపడలేదమ్మా," అన్నాను. "ఒక్క ముక్క కూడా వినపడలేదు."

 అది ఇటు తిరిగింది. ముఖమంతా తడి. నన్ను చూసి, నోరంతా తెరిచి, నాకు బాగా తెలిసేట్టు "నిజంగానేనా నాన్నా?" అంది.

తలూపాను. ఈసారి అబద్ధంగా కాదు.

గోడ వైపు తిరిగి ఏమందో అడిగాను. చెప్పలేదు, ఇంక అక్కర్లేదంది. వచ్చి నా ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆ పరీక్ష సంగతి చెప్పడం మొదలుపెట్టింది. గేటు దగ్గర కాళ్ళెలా ఆగిపోయాయో, చేతులెలా వణికాయో, ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో. ఏడుస్తూ చెప్తోంది, తల దించుకుంటోంది, చేతుల్లో ముఖం దాచుకుంటోంది. సగమే అందింది. పోయిన ప్రతి మాట దగ్గరా ఆపి, మళ్ళీ చెప్పమన్నాను. అది తలెత్తి మళ్ళీ చెప్పింది.